తలుపు పుస్తకం, మూడో అధ్యాయం

డిపార్ట్‌మెంటు, రెండో అంతస్తు, మెట్ల పక్క గది
జూన్ 9

వదినా,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. "ఫోన్లో అయితే క్లాసు పీకుతావు, ఉత్తరమైతే మధ్యలో లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి రావచ్చు" అని నువ్వన్నప్పటి నుంచీ నేను బుద్ధిగా ఉత్తరాలే రాస్తున్నాను. కాబట్టి పొయ్యి మీద ఏమైనా ఉంటే ఇప్పుడే కట్టేసి రా. ఇది కాస్త పెద్దదే.

డిసెంబరు నెలాఖరుకి నాకు అరవై నిండుతాయి, ఈ గది తాళంచెవి ఇచ్చేయాలి. నేను లెక్చరర్‌గా చేరిన రోజున ఇక్కడున్న బీరువా సరిగ్గా మూతపడేది కాదు, ముప్ఫై ఏళ్ళయినా ఇప్పటికీ పడదు. ఈలోగా నేను మాత్రం రీడర్నయ్యాను, ప్రొఫెసర్నయ్యాను, మూడేళ్ళు హెడ్డుగా ఉండి అందరిచేతా తిట్లు తిన్నాను. పిల్లలు వెనకాల నన్ను "తలుపు మేడం" అంటారని నీకు తెలుసుగా. రాజకీయ తత్వశాస్త్రంలో ఒక్క పుస్తకం రాసి ముప్ఫై ఏళ్ళు బతికేసిందని గిట్టనివాళ్ళు అంటారు. వాళ్ళు అబద్ధమేం ఆడటం లేదు.

ఆ తలుపు పుస్తకానికే ఇప్పుడు పాతికేళ్ళు. నేను రిటైరయ్యే రోజుకి కొత్త ముద్రణ తెస్తానని పబ్లిషరు పట్టుబట్టాడు. దాని చివర రెండు పేజీలు నువ్వు రాయాలి. "ఈ పుస్తకాన్ని అందరికంటే ముందు చదివిన మనిషి" అని నీ గురించి పైన వేయిస్తాను. ఒకే గైడు దగ్గర, ఒకే బల్లకి చెరోవైపు కూర్చుని రీసెర్చి చేసినవాళ్ళం. నువ్వు మా అన్నయ్యని చేసుకుని వదినవి అయిపోయావు గానీ, నా రాతలన్నీ ముందు నీ పెన్సిల్ కిందే కదా నలిగాయి.

రాస్తే మూడో అధ్యాయం గురించి రాయి. ఆ ఉదాహరణ నువ్వు మార్జిన్‌లో రాసిందే. ఒక ఇంట్లో ఒక ఆడమనిషి. తలుపు తీసే ఉంది. ఎవరూ ఆపలేదు. అయినా ఆమె వెళ్ళలేదు. దాని మీద నేనన్నది, వెళ్ళే వీలుండీ వెళ్ళని మనిషి ఒప్పుకున్నట్టే అని. దేశంలో ఉన్న పౌరుడి సంగతీ అంతే. నా సిద్ధాంతమంతా ఆ నాలుగు వాక్యాల మీదే నిలబడింది, ఆ మాట నువ్వు చెప్తే బావుంటుంది.

ఇంకో కబురు. లైబ్రరీవాళ్ళు నా పాత కాగితాలన్నీ స్కాన్ చేసి దాచిపెడతారట. లైబ్రేరియన్ గారు నాకంటే ఏడాది ముందే రిటైరవ్వాల్సిన మనిషి, పొడిగింపు మీద ఉన్నాడు. ఖాళీ కాగితాన్ని కూడా రెండు వైపులా స్కాన్ చేస్తున్నాడు. ఎందుకండీ అంటే రూలంటే రూలు అంటాడు. నా జీవితంలో సగం తెల్ల కాగితమేనని తేలేలా ఉంది.

అన్నయ్యని అడిగానని చెప్పు. జూలైలోగా పంపు.

నీ ఆడపడుచు


ఇల్లు, ముందుగది
జూన్ 27

తూనీగా,

ఉత్తరం అందింది. పొయ్యి కట్టేసి వచ్చే చదివాను.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. రిటైరయ్యాక ఆయనకి ఇంట్లో వస్తువులన్నీ కొత్తగా కనబడుతున్నాయి. మొన్న గోడ గడియారం చూసి "ఇదెప్పుడు కొన్నాం?" అన్నారు. పంతొమ్మిదేళ్ళయిందని చెప్తే నమ్మలేదు.

రెండు పేజీల సంగతి. నేను రాయను. నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర ఇరవై రెండేళ్ళు కూర్చున్నదానికి రాయడం వచ్చేది రెండే ముక్కలు, "పరిశీలించబడును", "సంబంధిత విభాగానికి పంపబడినది". అవి నీ పుస్తకం చివర వేస్తే నలుగురూ నవ్వుతారు.

అచ్చుతప్పులు చూడమంటే చూస్తాను. మూడో అధ్యాయం మాత్రం పంపకు.

ఒంట్లో బావుందా? మెట్లు నెమ్మదిగా ఎక్కు.

వదిన


డిపార్ట్‌మెంటు, మెట్ల పక్క గది
జూలై 15

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "మూడో అధ్యాయం మాత్రం పంపకు" దగ్గరికి రాగానే ప్రతిసారీ ఆగిపోతున్నాను. అది నీ గొంతే, కానీ నాతో మాట్లాడే గొంతు కాదు. కౌంటరు అవతల నిలబడ్డవాళ్ళతో మాట్లాడే గొంతు.

నేనేం చేశాను? బుర్ర బద్దలు కొట్టుకుని ఒక జాబితా వేశాను. మీరు ఇల్లు మారినప్పుడు సాయానికి రాకుండా కాన్ఫరెన్సుకి వెళ్ళాను. నీ కళ్ళ ఆపరేషనప్పుడు పళ్ళు పంపించి ఊరుకున్నాను. నువ్విచ్చిన శాలువా బస్సులో పోగొట్టుకుని, ఉందనే రెండేళ్ళు బుకాయించాను. వీటిలో ఏదన్నా అయితే చెప్పు, కాళ్ళ మీద పడతాను. మోకాళ్ళు నొప్పి కాబట్టి కుర్చీలో కూర్చునే పడతాను.

నిన్న ఇంకో వింత జరిగింది. లైబ్రేరియన్ గారు టీ తాగుతూ, "మేడం, మీ కాగితాల్లో పెన్సిల్ రాత ఎవరిది?" అన్నాడు. మా వదినది అన్నాను. "మొదట్లో ఆవిడ పేజీ పేజీకీ మీతో దెబ్బలాడుతుంది. 'ఇది అబద్ధం', 'ఇక్కడ తప్పించుకున్నావు', 'ఇంత పెద్ద మాట ఇంత చిన్న కారణానికా' అని రాస్తుంది. తలుపు పుస్తకం మూడో అధ్యాయం తర్వాత మాత్రం ఒక్క మాటా లేదు. అన్నీ అచ్చుతప్పులే. మీరిద్దరూ మాటలు మానేశారా?" అని అడిగాడు.

నేను నవ్వేసి, లేదండీ, ప్రతి నెలా ఉత్తరాలు రాసుకుంటాం అన్నాను. తర్వాత నా గదికొచ్చి ఆ తర్వాతి వ్యాసాలన్నీ తీసి చూశాను. ఆయన చెప్పింది నిజమే. కామాలు దిద్దావు, దీర్ఘాలు పెట్టావు, నాతో ఒక్కసారి కూడా కాదనలేదు. నేను పాతికేళ్ళపాటు దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. మా వదినకే వంక దొరకడం లేదంటే నేను అంత పకడ్బందీగా రాస్తున్నానని మురిసిపోయాను.

వదినా, నాకేమీ అర్థం కావడం లేదు. చెప్పు.

నీ ఆడపడుచు


ఇల్లు, ముందుగది
ఆగస్టు 2

తూనీగా,

నువ్వింత అమాయకంగా అడుగుతుంటే ఇది మరుపో నటనో నాకు తెలియడం లేదు. నటన నీకు చేతకాదు, అది నాకు తెలుసు. అందుకే ఇంకా అయోమయంగా ఉంది.

మూడో అధ్యాయంలో నేను రాసింది మార్జిన్‌లో నాలుగు వాక్యాలే కాదు. చోటు చాలక కాగితం వెనక్కి తిప్పి రాశాను. వెనక రాయకూడదని మన ఒప్పందమే, కానీ ఆ రోజు ఆగలేకపోయాను. నువ్వది చదివావు. నీకు పనికొచ్చిన ముందు వైపు ఉంచుకున్నావు, వెనక వైపు వదిలేశావు. పుస్తకం నీది, నీ ఇష్టం.

పుస్తకం బయటికొచ్చిన రోజు సభలో నేను మూడో వరసలో కూర్చున్నాను. ఎవరో లేచి, "మీ ఉదాహరణలో ఆ ఇంటావిడ ఎవరు?" అని అడిగారు. "ఎవరూ కాదు, ఊహించుకున్న మనిషి" అన్నావు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. మీ అన్నయ్య పక్కనే ఉన్నారు కాబట్టి కొట్టక తప్పలేదు.

ఆ తర్వాత నీతో వాదించాలని అనిపించలేదు. వాదిస్తే వినేదానివైతే అదే వినేదానివి. శాలువా సంగతి నాకు అప్పుడే తెలుసు.

ఇక దీన్ని తవ్వకు. కొత్త ముద్రణ హాయిగా వేసుకో.

వదిన


లైబ్రరీ, కింది అంతస్తు, స్కానింగు గది
ఆగస్టు 14

వదినా,

నీ ఉత్తరం పట్టుకుని పొద్దున్నే ఇక్కడికి వచ్చాను. లైబ్రేరియన్ గారు పెట్టె దింపి, నూట పదకొండో పేజీ తీసి నా ముందు పెట్టాడు. నేను తిప్పాను. నువ్వు రాసింది ఇక్కడే కూర్చుని ఎత్తి రాస్తున్నాను, ఒక్కసారైనా నా చేత్తో రాయాలని.

"ఆ మనిషి ఎవరో కాదు, నేనే. అత్తయ్యకి ఆపరేషనై మన ఇంటర్వ్యూ రోజుకి పదో రోజు. గంటకోసారి పక్కకి తిప్పాలి. పొద్దున్నే మామయ్యగారు మందులకని పెద్దాసుపత్రికి వెళ్ళారు, మధ్యాహ్నం దాకా రారు. తొమ్మిదింటికి మీ అన్నయ్య డ్యూటీకి వెళ్ళారు. తొమ్మిదిన్నరకి నువ్వు ఇంటర్వ్యూకి వెళ్ళావు. అదే ఉద్యోగానికి నా ఇంటర్వ్యూ పదకొండున్నరకి. నన్ను ఉండమని ఎవరూ అనలేదు. వద్దనీ అనలేదు. ఒక్కొక్కరే వెళ్ళారు, అంతే. నేను తయారై ముందుగదిలోకి వచ్చి చూస్తే తలుపు బార్లా తీసి ఉంది, ఇంట్లో మిగిలింది అత్తయ్యా నేనూ. ముందు వెళ్ళినవాళ్ళకి అది తలుపే. ఆఖరున మిగిలినదానికి అది గోడ. తలుపు తీసి ఉందా అని అడిగితే చాలదు, ఎవరెవరు ఏ వరసలో వెళ్ళారో అడగాలి. ఈ ఉదాహరణతో నీ సిద్ధాంతం నిలబడదు. మళ్ళీ ఆలోచించు."

వదినా, అప్పట్లో నేను ఆ పేజీ తిప్పలేదు. వెనక రాయకూడదని ఒప్పందం ఉంది కాబట్టి నేనెప్పుడూ వెనక చూసేదాన్ని కాదు. నీ నాలుగు వాక్యాలు ముందు వైపు చదివి, ఎంత చక్కటి ఉదాహరణ ఇచ్చిందీ అని గంతులేసి టైపిస్టుకి ఇచ్చేశాను. నువ్వు నా పునాది తవ్వుతుంటే నాకు ఇటుకలు అందిస్తున్నావనుకున్నాను.

ఆ రోజు సాయంత్రం నాకు గుర్తుంది. నేను ఇంటికొచ్చేసరికి నాన్న, అన్నయ్య ఇద్దరూ "తనే మానేసింది, పెద్ద మనసు" అన్నారు. అమ్మ మంచం మీంచి నీ చెయ్యి పట్టుకుంది. నువ్వేమీ అనలేదు. నువ్వేమీ అనలేదు కాబట్టి అది నిజమేనని నేనూ అనుకున్నాను. నాలుగేళ్ళ తర్వాత, ఊరుకున్న మనిషి ఒప్పుకున్నట్టే అని పుస్తకం రాశాను. ఆ పుస్తకం మీద నువ్వేమీ అనకపోతే అదీ ఒప్పుకోలే అనుకున్నాను. ఎంత చదువుకుంటే ఇంత తెలివితక్కువతనం వస్తుందో చూడు!

నీ వాదన సరైనది. వెళ్ళే వరసని గురించి ఈ శాస్త్రంలో ఇంత సూటిగా అడిగినవాళ్ళు నేను చదివినంతలో లేరు. సెలెక్షన్ కమిటీలు రెండుసార్లు నన్ను "ఈ రంగానికి మీరు కొత్తగా ఇచ్చిందేమిటి?" అని అడిగాయి. రెండుసార్లూ ఆ ఇంటావిడ పేరు చెప్పుకునే పైకొచ్చాను.

ఇప్పుడే పబ్లిషరుకి చెప్పేశాను. నీ వెనక పేజీని ఆఖరి అధ్యాయంగా నీ పేరుతో వేస్తున్నాం. పుస్తకాన్ని అదే పుస్తకం చివర కొట్టేస్తున్నాం. ఆయన గింజుకున్నాడు గానీ ఒప్పించాను.

నన్ను క్షమించు వదినా. చూడకపోవడం కూడా తప్పే.

నీ ఆడపడుచు


ఇల్లు, ముందుగది
సెప్టెంబరు 5

తూనీగా,

ముందు తిట్టవలసింది తిట్టేస్తాను. పబ్లిషరుకి ఎవర్ని అడిగి చెప్పావు? నా రాత, నా పేరు, మా అత్తయ్య మంచం, అన్నీ కలిపి అచ్చు వేయించాలని నిమిషంలో తేల్చేసుకున్నావు. మంచి చేస్తున్నాననే అనుకున్నావు. ఆ రోజు మీ ఇంట్లో అందరూ మంచివాళ్ళే. వెంటనే ఫోన్ చేసి ఆపించు.

ఇప్పుడు రెండో సంగతి. నువ్వు ఆ పేజీ తిప్పలేదని చదివాను. తేలికపడాలి కదా. పడలేదు. పాతికేళ్ళు నేను నీ మీద కోపంగా ఉన్నాను. నీకు జ్వరమొస్తే వచ్చి చూసినప్పుడూ ఉన్నాను, నువ్వు ప్రొఫెసరువైతే వీధంతా స్వీట్లు పంచినప్పుడూ ఉన్నాను. చదివి కూడా పక్కన పెట్టేసిందని కోపం. చదవనే లేదంటే ఆ కోపాన్ని ఇప్పుడేం చేసుకోను? కౌంటర్లో తప్పు చిరునామా ఉన్న ఫిర్యాదుల్ని తిప్పి పంపేసేవాళ్ళం. దీన్ని ఎవరికి తిప్పి పంపను?

మీ అన్నయ్యని అడిగాను, ఆ రోజు గుర్తుందా అని. "నువ్వే వద్దనుకున్నావుగా" అన్నారు. మీరెక్కడున్నారు అన్నాను. "డ్యూటీకి వెళ్ళాను కదా" అన్నారు, అంతకంటే చెప్పేదేముంది అన్నట్టు. మర్నాడు గడ్డం గీసుకుంటూ మధ్యలో ఆపి, "నేను సెలవు పెట్టవలసిందా?" అన్నారు. ముఖానికి సబ్బు నురగతో పాపం చిన్నపిల్లాడిలా ఉన్నారు. తువ్వాలు అందించి వచ్చేశాను. రెండు రోజులుగా నా వెనకాలే తిరుగుతున్నారు.

నీ దగ్గర దాచి లాభం లేదు, ఒకటి చెప్తాను. ఆ పొద్దున నేను కూడా నోరు తెరవలేదు. "నాక్కూడా ఉంది, ఎవరైనా ఒకరు ఉండండి" అంటే సరిపోయేది. ఎందుకనలేదో నాకే తెలీదు. సిగ్గా? ఎవరికైనా గుర్తుంటుందిలే అన్న ఆశా? ఒక్కోసారి ఇది అనిపిస్తుంది, ఒక్కోసారి అది. మీరు ఒక్కొక్కరే వెళ్ళారని నేను రాశాను గానీ, గుర్తుచేయనిదాన్ని నేను.

చూశావా, కోపం వదిలితే ఇలా ఉంటుంది. అప్పుడే నయం, అన్నీ స్పష్టంగా ఉండేవి.

భోజనం వేళకి చేస్తున్నావా?

వదిన


డిపార్ట్‌మెంటు, మెట్ల పక్క గది
అక్టోబరు 20

వదినా,

ఆఖరి అధ్యాయం ఆపించాను. కొత్త ముద్రణే వద్దని చెప్పేశాను. పబ్లిషరు అలిగాడు. ఉన్న పుస్తకం ఎక్కడుందో అక్కడే ఉంటుంది, దాన్ని నేను మళ్ళీ మోయను.

నెలన్నర నీకు రాయకపోవడానికి కారణం ఉంది. నీ ఉత్తరంలో "దాచి లాభం లేదు" అన్న మాట చూశాక నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఎందుకంటే నేను దాచాను.

నా అలవాటు నీకు తెలుసు, చూసిన ప్రతి పేజీ మూలా ఎర్ర సిరాతో టిక్కు పెడతాను. నూట పదకొండో పేజీకి ముందు వైపు టిక్కు ఉంది. వదినా, వెనక వైపు కూడా ఉంది. నీ "మళ్ళీ ఆలోచించు" కింద, నా ఎర్ర సిరాతో. ఆగస్టులో నీకు ఉత్తరం రాస్తున్నప్పుడు అది నా కళ్ళముందే ఉంది. ముందు వైపు సిరా దిగిందేమోలే అనుకుని, తిప్పలేదని రాసేశాను. తర్వాత మళ్ళీ వెళ్ళి కాగితం వెలుతురుకి పెట్టి చూశాను. ముందు టిక్కు పైన ఉంది, వెనకది కింద ఉంది. రెండూ వేరు. లైబ్రేరియన్ గారు కూడా చూసి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అంటే నేను తిప్పాను. చదివానా? ఒట్టేసి చెప్తున్నాను, గుర్తులేదు. ఆ నెలలో రీడరు పోస్టుకి ఫైలు పంపాలి, టైపిస్టు గుమ్మంలో నిలబడి ఉండేది, నేను పోస్టాఫీసు గుమాస్తా ముద్రలు కొట్టినట్టు టిక్కులు కొట్టేదాన్ని. చదవకుండా కొట్టి ఉండచ్చు. చదివి, ఇది నిజమైతే నా పుస్తకం పోతుంది, నా ఉద్యోగం ఎలా వచ్చిందో కూడా తేలుతుంది అని భయపడి మర్చిపోయి ఉండచ్చు. మనిషి అలా మర్చిపోగలదా? ఈ ప్రశ్న ముప్ఫై ఏళ్ళలో ఏ క్లాసులోనూ రాలేదు. రోజుకొక జవాబు వస్తోంది నాకు. నీ కోపాన్ని ఎవరికి పంపాలని అడిగావుగా, బహుశా మొదటి చిరునామానే సరైనది. అబద్ధం చెప్పి తేలికపడబోయాను, నిన్ను కూడా కలవరపెట్టాను. అది మాత్రం గుర్తుంది, దానికి సాక్షి అక్కర్లేదు.

ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం కదా. నేను క్షమించమన్నాను, నీ వాదన గొప్పదన్నాను, వరస గురించి రాశాను, సిరా గురించి రాశాను. అడగవలసింది మాత్రం అడగలేదు. ఆ రోజు సాయంత్రం నేను ఇంట్లోకి రాగానే అడగవలసిన ముక్క అది. నాన్న అడగలేదు, అన్నయ్య అడగలేదు, ఒకే బల్ల దగ్గర కూర్చున్న నేనూ అడగలేదు. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా అడుగుతున్నాను. వదినా, ఆ పొద్దున నీకు వెళ్ళాలని ఉందా?

ఇంకొకటి కూడా అడుగుతున్నాను, ఎవరికీ ఏమీ చెప్పకుండా ముందు నిన్నే. ఇంటర్వ్యూలో అందరం కమిటీ ముందు ఇరవై నిమిషాల పాఠం చెప్పాలన్నారు కదా. "పౌరులు ప్రభుత్వం మాట ఎందుకు వినాలి" అన్న పాఠం నువ్వు తయారు చేసుకున్నావు, మన బల్ల దగ్గర నాకు సగం వినిపించావు. డిసెంబరు పద్దెనిమిదిన నా ఆఖరి క్లాసు. అందులో ఇరవై నిమిషాలు నీకిస్తాను. వస్తావా? వద్దంటే వద్దు. జవాబు రాయకపోతే వద్దనే అనుకుంటాను, అవునని మాత్రం అనుకోను.

నీ ఆడపడుచు


ఇల్లు, ముందుగది
నవంబరు 11

తూనీగా,

ఎర్ర టిక్కు గురించి చదివి రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. మూడో రోజు ఊరుకున్నాను. చదివావో లేదో నీకే తెలియనప్పుడు నేను తేల్చేదేముంది? ఎవరికీ చెప్పకుండా కాగితం చించేస్తే అయిపోయేది, నువ్వు చించలేదు. ఇప్పటికి అది చాలు. పూర్తిగా కోపం పోయిందని మాత్రం రాయలేను, పోలేదు.

వెళ్ళాలని ఉందా అని అడిగావు.

ఉంది. చాలా ఉంది. ముందు రోజే బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను. సర్టిఫికెట్లు వరసగా ఫైల్లో పెట్టుకున్నాను. పాఠం ఎంతసేపు వస్తుందో చూసుకోడానికి అత్తయ్య నిద్రపోతున్నప్పుడు మంచం పక్కన నిలబడి మెల్లగా చెప్పుకున్నాను, ఇరవై రెండు నిమిషాలొచ్చింది. రెండు నిమిషాలు ఎక్కడ తగ్గించాలా అని ఆలోచిస్తుండగానే పదకొండున్నర అయిపోయింది. ఆ ఉద్యోగం నాకు కావాలని ఉంది తూనీగా. నీకు రాకూడదని కాదు, నాకు కావాలని. ఇంటర్వ్యూకి వెళ్ళి, ఓడిపోయి, నీ మీద ఏడ్చి వచ్చినా బావుండేది. ఈ మాట ఇప్పటిదాకా నోటితో అనలేదు, మీ అన్నయ్యతో కూడా. ఇది రాస్తుంటే కళ్ళు నిండిపోయి అక్షరాలు కనబడటం లేదు, అందుకే ఈ వంకర రాత.

ఉత్తరం ముగించకుండా లేచి వెళ్ళి మీ అన్నయ్యకి చెప్పాను. వెళ్ళాలని ఉండేదా అన్నారు. ఉండేది అన్నాను. తర్వాత, "పద్దెనిమిదిన నేను కూడా రానా?" అని అడిగారు. ఈ ఇంట్లో ఆయన నన్ను ఏదైనా అడిగి చెయ్యడం కొత్త, కాబట్టి కొంచెం ఆలోచించుకుని చెప్తానన్నాను.

ఇక నీ క్లాసు. వస్తాను. కానీ ఇరవై నిమిషాలు ఇస్తాననడం ఏమిటి? పాఠం మళ్ళీ రాశాను, నిన్న గడియారం పెట్టుకుని చెప్పి చూసుకున్నాను. నాకు గంట మొత్తం కావాలి. నువ్వు వెనక బెంచీలో కూర్చో, మధ్యలో మాట్లాడకు.

వదిన